నువ్వు దేవునికి మొక్కవు కదా నాయినా, మరి మంచోడివెట్లయితవ్? ఇంట్లో ఈ ప్రశ్న వస్తే ఏం చేయాలి

మా పాప నాలుగో తరగతి. ఒకరోజు బడి నుంచి తీసుకొస్తుంటే నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆగింది. వెనక నుంచి నా చొక్కా లాగి మరీ అడిగింది ఈ ప్రశ్న. వెనక ఆటో అతను హారన్ కొడుతున్నాడు, నాకు నోట మాట రాలేదు, ఏదో గొణిగి బండి ముందుకు పోనిచ్చాను.

ఆ రాత్రి అన్నాలయ్యాక కూర్చోబెట్టి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. గోరా గారి గురించి చెప్పాను, ఆయన 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టడం, దేవుణ్ని నమ్మని ఆయనకూ రామనామం విడవని గాంధీజీకీ స్నేహం కుదరడం అంతా చెప్పాను. రాజ్యాంగంలో 51ఎ అధికరణ ఉంది, 1976లో చేర్చిన పౌరుల విధుల్లో మానవతావాదం పెంచుకోవాలని కూడా రాసి ఉంది అన్నాను. అంతా విని, "రేపు డ్రాయింగ్ క్లాసుంది నాయినా, చార్టు కొనాలె" అంది.

ఆ తర్వాత ఏడాదిన్నరలో అదే ప్రశ్న నాలుగైదు సార్లు వేరే వేరే వేషాల్లో మా ఇంటికొచ్చింది. కొన్నిసార్లు బాగానే గట్టెక్కాను, కొన్నిసార్లు ఇంట్లో గొడవ చేసుకున్నాను. ఏది పనిచేసిందో ఏది చేయలేదో రాసి పెడితే ఇంకొకరికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. మా ఇల్లు ఎట్లాంటిదంటే, మా అమ్మ ప్రతి అమాసకు చెర్వుగట్టు గుడికి పోయి రాత్రి గట్టు మీదే నిద్ర చేసి వస్తుంది. నా భార్య పండుగలకు మొక్కుతుంది, మిగతా రోజులు టైం లేదంటుంది. నేను నమ్మను, కానీ గట్టు దాకా బండి నడిపేది నేనే. మీ ఇంట్లో సంగతి తలకిందులై ఉండొచ్చు, మీరిద్దరూ భక్తులై ఉండి పిల్లవాడే అడ్డం తిరిగి "దేవుడు లేడు, ఇక నేనెందుకు మంచిగుండాలె" అంటుండొచ్చు. దానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది, కాస్త అటూ ఇటూ మార్చుకుంటే చాలు.

ముందు జవాబు చెప్పకండి

పిల్లలు ఇట్లాంటిది అడిగినప్పుడు మనం దాన్ని తత్వశాస్త్రం అనుకుంటాం. దాదాపు ఎప్పుడూ దాని వెనక ఒక భయం ఉంటుంది, ముందు ఆ భయమేదో కనుక్కోవాలి. "ఎవరన్నారు బిడ్డా?" అని అడగండి, గొంతులో కోపం లేకుండా. మా పాప విషయంలో తేలిందేమిటంటే, పక్క బెంచీ పిల్ల "మొక్కనోళ్లను యముడు నూనెల వేయిస్తడంట" అని చెప్పింది. అంటే నేను గోరా గారి కథ చెబుతున్న రాత్రంతా మా పాప మనసులో వాళ్ల నాన్న మిరపకాయ బజ్జీలాగా వేగుతున్నాడు. "నన్ను వేయించాలంటే ఎన్ని డబ్బాల నూనె కావాలె, యముని దగ్గర అంత బడ్జెట్ ఉందా" అన్నాక నవ్వింది, ఆ నవ్వు వచ్చాకే మిగతా మాటలు చెవికెక్కాయి. ఇక పక్క బెంచీ పిల్ల మీద గానీ, వాళ్ల అమ్మానాన్నల మీద గానీ ఒక్క మాట కూడా అనకండి, రేపు వీళ్లిద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తినాలి.

రెండో రకం భయం కొంచెం పెద్ద పిల్లల్లో వస్తుంది. ఎవరూ చూడకపోతే, పైన కూడా ఎవరూ లేకపోతే, తప్పు చేస్తే ఏమవుతుంది అని. దీనికి మీరు జవాబు చెప్పకుండా ఒక లెక్క ఇవ్వండి. నేను ఇట్లా అడిగాను: కిరాణం కొట్టు అంకుల్‌కు నువ్వు 50 రూపాయలు ఇచ్చినవ్, ఆయన 100 అనుకొని చిల్లర ఎక్కువిచ్చిండు, ఎవరూ చూడలేదు, ఏం చేస్తవ్? "ఇచ్చేస్త" అంది. ఎందుకంటే, "రాత్రి లెక్క చూసుకుంటే తక్కువొస్తది కదా, పాపం వాళ్లింట్ల ఆయన్ను తిడ్తరు."

ఆ జవాబులో యముడు లేడు, చిత్రగుప్తుడు లేడు, పోలీసు లేడు. కొట్టు అంకుల్ ముఖం ఉంది. నేను ఈ విషయం మీద ఏం చెప్పదలచుకున్నా అక్కడి నుంచే మొదలవుతుంది. కానీ అది పిల్లకు చెప్పకండి. "చూశావా, దేవుడు లేకుండానే" అని మీరు మొదలుపెట్టారంటే మళ్లీ చార్టు కొనాలె అంటుంది. ఆ మాటను అట్లనే వదిలేయండి, తర్వాత ఎప్పుడో ఆమే దాన్ని తీసి వాడుకుంటుంది.

మా అమ్మ దగ్గర సోక్రటీస్ ప్రశ్న

ఈ చర్చ మొత్తంలో అన్నిటికంటే పాత ప్రశ్న ఒకటుంది. ఇంచుమించు 2,400 ఏళ్ల కింద ఏథెన్స్‌లో సోక్రటీస్ అడిగినట్టు ప్లేటో రాసిపెట్టాడు. మన మాటల్లో చెప్పుకుంటే: దేవుడు చెప్పాడు కాబట్టి అది మంచిదైందా, మంచిది కాబట్టి దేవుడు చెప్పాడా? మొదటిదే నిజమైతే రేపు దేవుడు దొంగతనం చేయమంటే అదీ మంచిదే అవ్వాలి. రెండోది నిజమైతే మంచి అనేది దేవుడి మాటకు ముందే ఉంది, ఆయన దాన్ని గుర్తుచేశాడంతే.

మా అమ్మ చిక్కుడుకాయ ఒలుస్తుంటే పక్కన కూర్చొని అడిగాను. ఆమె తల కూడా ఎత్తలేదు. "మంచిది గాబట్టే చెప్పిండు. లేకుంటే ఎందుకు చెప్తడు, ఆయనకేమన్న పిచ్చా?"

కాలేజీల్లో ఒక సెమిస్టర్ పాఠం అది, ఆమెకు రెండు కాయలు ఒలిచేంత సేపు పట్టింది. ఇంకో విషయం కూడా గమనించాను. హరిశ్చంద్రుని కథ వచ్చినప్పుడల్లా ఆమెకు ఒక దగ్గర కోపమొస్తుంది, "మాట నిలబెట్టుకునుడు మంచిదే గానీ పెండ్లాన్ని అమ్ముకునుడేంది" అంటుంది. పురాణం విలువ ఎంతో తూచడానికి ఆమె దగ్గర ముందే ఒక తరాజు ఉందన్నమాట, ఆ తరాజు ఎవరిచ్చారంటే దేవుడే ఇచ్చాడంటుంది, నేను వేరే చెబుతాను, అయినా మేమిద్దరం ఒకే తరాజుతో తూస్తున్నాం. ఇక అక్కడితో ఆపేయాలి. నేను ఆపాను, అందుకే ఆ రోజు చిక్కుడుకాయ కూర రుచిగా ఉంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు "దేవుడు చెప్పిండు కాబట్టే మంచిది" అన్నారనుకోండి. "మరి రేపు పక్కింటోని కొట్టుమంటే?" అని ఒక్కసారి అడగండి. "దేవుడు అట్ల చెప్పడు" అంటారు. అది కూడా రెండో జవాబే, దారి మాత్రం చుట్టు తిరిగింది. ఇంకా లాగొద్దు. నలుగురిలో అసలే వద్దు. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మా బావతో ఇదే వాదన పెట్టుకున్నాను, గెలిచాననే అనుకున్నాను, రెండు నెలలు మా ఇంటి గడప తొక్కలేదు.

బట్టల క్లిప్పుల పరీక్ష

మీ ఇంట్లోనో మీ చుట్టాల ఇంట్లోనో ఏడాదిన్నర పిల్లలు ఉంటే ఇది చేసి చూడొచ్చు, పెద్ద పిల్లలకు చూపించడానికి మంచి సరదా. 2006లో వార్నెకెన్, టొమసెల్లో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చేసిన పని ఇది. బట్టలు ఆరేస్తున్న మనిషి చేతిలోంచి క్లిప్పు జారిపడుతుంది, అందుకోలేక చేయి చాపుతాడు. 18 నెలల పిల్లలు చాలామంది దాన్ని తీసి అందించారు, ఎవరూ అడగలేదు, శభాష్ అనలేదు, చాక్లెట్ ఇవ్వలేదు. అదే మనిషి కావాలని క్లిప్పు కింద విసిరేస్తే మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. అంటే వాళ్లు చూసింది క్లిప్పును కాదు, ఆ మనిషికి అది కావాలా వద్దా అన్నది. ఆ వయసుకు వాళ్లకు ఏ దేవుడి పేరూ సరిగా పలకడం రాదు.

మా చెల్లెలి కొడుకు మీద డాబా పైన చేశాం. రెండు క్లిప్పులు తెచ్చిచ్చాడు, మూడోది నోట్లో పెట్టుకున్నాడు. కాబట్టి పక్కనే ఉండి చేయండి. అదే సాయంత్రం వాడు ఇంకో పిల్ల జుట్టు పట్టుకొని గుంజి బంతి లాక్కున్నాడు, మా పాప వెంటనే "మరి ఇదేంది నాయినా?" అంది. న్యాయమైన ప్రశ్న. పుట్టుకతో వచ్చేది పెట్టుబడి మాత్రమే, దుకాణం నడపడం తర్వాత నేర్చుకోవాలి అన్నాను. ముఖ్యంగా మనవాళ్లకు చేసినంత సులువుగా తెలియనివాళ్లకు చేయం, అది నేర్పితేనే వస్తుంది. ఆ నేర్పే పనిలో గుడికీ మసీదుకూ చర్చికీ వాటా ఉంది, బడికీ యూనియన్‌కూ నానమ్మకూ కూడా ఉంది.

ఉదాహరణ కావాలంటే దూరం పోవద్దు

పిల్లలకు మదర్ థెరిసా పేరు చెప్పి వదిలేస్తాం. మన జిల్లాలో ఇంతకంటే గట్టి కథ ఉంది, దాన్ని సగం సగం చెప్పకుండా మొత్తం చెప్పాలి.

1946 నుంచి 1951 దాకా ఉమ్మడి నల్లగొండ జిల్లా సాయుధ పోరాటంలో ఉంది. దొరల గడీలు, వెట్టి చాకిరీ. ఆ దొరల్లో చాలామంది గుళ్లకు మాన్యాలిచ్చినవాళ్లే, ఉత్సవాలు దగ్గరుండి చేయించినవాళ్లే. వాళ్ల మీద తిరగబడి భూములు పంచినవాళ్లలో ముందున్నది దేవుణ్ని నమ్మని కమ్యూనిస్టులు. అదే జిల్లాకు 1951 ఏప్రిల్‌లో వినోబా భావే నడుచుకుంటూ వచ్చాడు. ఆయన నిలువెల్లా భక్తుడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనవాడ వాళ్లు మాకు 80 ఎకరాల భూమి కావాలన్నారు. ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. ఆ ఊరు ఇప్పుడు భూదాన్ పోచంపల్లి అయింది.

ఒకే జిల్లా, ఒకే భూమి. దేవుణ్ని నమ్మినవాడూ నమ్మనివాడూ ఒకే మాట అన్నారు, దున్నేవాడికి భూమి కావాలని. ఎట్లా ఇప్పించాలన్న దగ్గరే కొట్లాట. ఇంకోపక్క దేవుణ్ని నమ్ముతూనే ఆ మాటకు అడ్డం పడ్డవాళ్లున్నారు. ఇక్కడ పిల్లలు ఎగిరి గంతేసి "అయితే నాస్తికులు మంచోళ్లు" అంటారు. ఆపండి. ఆ పోరాటంలో అందరి చేతులకూ రక్తం అంటింది. దేవుణ్ని పక్కన పెట్టిన స్టాలిన్ పాలనలో లక్షలాది మంది చచ్చిపోయారు. దేవుడి పేరు చెప్పి రజాకార్లు చేసినవి మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇక భూదానం కింద ఇచ్చిన భూముల మీద ఇంకా కేసులు నడుస్తున్నాయి. ఇవన్నీ చెబితే కథ పాడైపోతుందని భయపడకండి, పిల్లలకు పాడైన కథలే బాగా గుర్తుంటాయి.

"పూర్వజన్మ పాపం" అనే మాట వచ్చినప్పుడు

ఇది అన్నిటికంటే కష్టమైన చోటు, మా ఇంట్లో గొడవైంది కూడా ఇక్కడే.

మా అమ్మమ్మ ఊరు మర్రిగూడ దిక్కు. నా చిన్నప్పుడు ఆ ఊళ్లో నాకు మామ వరసయ్యే ఒకాయన ఉండేవాడు, కాళ్లు వంకర, నడుము వంగిపోయి నేలను చూస్తూనే నడిచేవాడు, ముప్పై ఏళ్లకే అరవై ఏళ్లవాడిలా కనిపించేవాడు. అట్లాంటివాళ్లు ఆయన ఒక్కడే కాదు. "పూర్వజన్మల ఏం పాపం చేసిండో" అనేది మా అమ్మమ్మ. అంటూనే పళ్లెంలో అన్నం పెట్టి అరుగు మీద కూర్చోబెట్టేది. ఆ మాట కటువుగా అనలేదు, ఎందుకిట్లయిందో చెప్పే వేరే మాట ఆమె దగ్గర లేదు.

ఆ వేరే మాట నేల కింద ఉంది. అక్కడి గ్రానైట్ రాయిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. వానలు తగ్గి బోర్లు లోతుకు పోయినకొద్దీ రాతిలో ఎక్కువ కాలం నిలవ ఉన్న నీళ్లు పైకొచ్చాయి, వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మన దగ్గర చాలా బోర్లలో అది ఎప్పుడో దాటిపోయింది. ముందు పళ్లు గారపడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగుతాయి, కీళ్లు పట్టేస్తాయి, పాలూ మంచి తిండీ లేని పిల్లల మీద ఇంకా ఎక్కువ పడుతుంది. గుడికి పోయేవాళ్లు, మసీదుకు పోయేవాళ్లు, ఎక్కడికీ పోనివాళ్లు, అందరూ తాగింది ఆ బోరు నీళ్లే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది, దాని పేరే నల్లగొండ టెక్నిక్. జబ్బుకూ మందుకూ రెండింటికీ మన ఊరి పేరే పడింది.

కారణం పాపం అనుకున్నంతకాలం చేయగలిగింది పళ్లెంలో అన్నం పెట్టడమే. కారణం నీళ్లు అని తెలిశాక చేయాల్సిన పనులు వంద దొరికాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది నిలబడ్డారు, మాకు నీళ్లియ్యండని అడగడానికి దొరికిన దారి అది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా వేయాల్సొచ్చింది. పిల్లలకు ఈ కథ చెప్పండి, నోరు తెరుచుకొని వింటారు.

ఇప్పుడు పద్ధతి. ఇంట్లో ఎవరైనా కష్టంలో ఉన్న మనిషిని చూసి పూర్వజన్మ పాపం అన్నప్పుడు ఆ మాటను కొట్టిపారేయకండి. నేను కొట్టిపారేశాను, "ఇట్లాంటి మాటలతోనే దేశం నాశనమైంది" అని మా అమ్మ మీద అరిచాను, ఆమె ఆ పూట అన్నం తినలేదు. పాప ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నేర్చుకున్నదేమిటంటే, మూడు ప్రశ్నలు నెమ్మదిగా అడగడం: ఆయన ఏం తాగిండు, ఏం తిన్నడు? అట్లాంటిదే ఇంకెవరికైనా వచ్చిందా? ఇప్పుడు మనం చేసేదేమన్నా ఉందా? మూడో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి మా అమ్మ పూర్వజన్మను వదిలేసి ఈ జన్మలో ఏ ఆసుపత్రి మంచిదో మాట్లాడుతుంది. ఇంకా పూర్తి నిజం చెప్పాలంటే పిల్లకు ఇది కూడా చెప్పాలి: అన్నం పెట్టింది ఆ మాట అన్న అమ్మమ్మే. ఫ్లోరైడ్ గురించి అంతా చదివిన నేను ఆ మామకు ఒక్క పూట అన్నం పెట్టలేదు.

పది నిమిషాలు ముందు బయలుదేరండి

1973లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది, డార్లీ, బ్యాట్సన్ అనే ఇద్దరు చేశారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పాస్టర్లు కావడానికి చదువుకుంటున్న 40 మంది విద్యార్థులను, ఒక చిన్న ప్రసంగం చేయాలి, పక్క భవనానికి పొండి అన్నారు. కొందరికి ఇచ్చిన అంశం మంచి సమరయుడి కథ, అంటే దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాణ్ని ఆదుకున్న మనిషి కథ. దారిలో ఒకాయన గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతుంటాడు, అది వేసిన నాటకం. ఎవరు ఆగారు? ఆ కథ మీద మాట్లాడబోతున్నారా వేరేదా అన్నది పెద్ద తేడా చూపలేదు. తొందర తేడా చూపింది. తీరిగ్గా ఉన్నవాళ్లలో వందకు 63 మంది లెక్కన ఆగారు, ఆలస్యమైందని చెప్పి తరిమినవాళ్లలో వందకు 10 మంది.

ఇది చదివి నేను నవ్వలేదు. కొన్నేళ్ల కింద నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు హైవే మీద ఒక బైకు పడిపోయి ఉంది, నలుగురు గుమిగూడుతున్నారు, నాకు ఆఫీసుకు ఆలస్యమవుతోంది, వాళ్లు చూసుకుంటారులే అనుకొని పోయాను. ఆ మనిషి ఏమయ్యాడో తెలియదు. ఆ రోజు నేను ఆగకపోవడానికి నా నాస్తికత్వం కారణం కాదు, నా ముందు ఆగకుండా పోయిన కారు వెనక అద్దం మీద పెద్ద దేవుడి బొమ్మ ఉంది, అది కూడా కారణం కాదు. ఇద్దరికీ టైం అయిపోతోంది.

కాబట్టి నా సలహా చాలా చిన్నది, ఎక్కడికైనా పది నిమిషాలు ముందు బయలుదేరండి, పిల్లల్ని కూడా అట్లనే బయలుదేరదీయండి. రోడ్డు మీద దెబ్బ తగిలిన మనిషి కనబడితే 108కి ఫోన్ చేయండి, మెడ కదపకండి, రక్తం కారే చోట శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా నొక్కి పట్టండి, నీళ్లు తాగించకండి. పోలీసు కేసవుతుందని టెన్షన్ అక్కర్లేదు, 2016లో సుప్రీంకోర్టు ఆదేశాలున్నాయి, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు, సదుద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద కేసులుండవు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆసుపత్రికి చేర్చినవాళ్లకు 2021లో 5,000 రూపాయల బహుమతి పెట్టారు, తర్వాత 25,000 చేశారు. డబ్బు కోసం చేస్తే అది మంచితనమేనా అని మా పాప అడిగింది. పడి ఉన్నవాణ్ని అడిగి చెబుతానన్నాను.

మతం దగ్గర క్యాలెండర్ అరువు తెచ్చుకోండి

తీరిక ఉంటే మంచితనం వస్తుందని ఒప్పుకుంటే, మతం చేసే పెద్ద పనేమిటో నాకు అప్పుడు అర్థమైంది. అది మనిషిని ఆపుతుంది. శుక్రవారం ఆపుతుంది, ఆదివారం ఆపుతుంది, అమాసకు ఆపుతుంది. ముస్లింలకు జకాత్ ఉంది, ఏడాదిపాటు మిగిలిన సొమ్ములో వందకు రెండున్నర రూపాయలు తీయాల్సిందే, మూడ్ ఉందా లేదా అని అడగరు. మా ఊళ్లో పీరీల పండుగకు పీరీలు ఎత్తుకునేవాళ్లలో హిందువులే ఎక్కువ, అలాయి అనే నిప్పుల గుంట చుట్టూ అందరూ ఆడతారు, మలీద అందరికీ పంచుతారు, ఎవరిది ఏ మతమని ఆ రాత్రి అడిగినవాణ్ని నేను చూడలేదు. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకొని పుట్టిన హిందువుల పిల్లలకు సైదులు, సైదమ్మ అని పేర్లుంటాయి, మీ క్లాసులో కూడా ఒక సైదిరెడ్డి ఉండే ఉంటాడు.

నమ్మని మాలాంటివాళ్లకు ఈ క్యాలెండర్ లేదు. మంచి ఎప్పుడైనా చేయొచ్చు కదా అనుకుంటాం, ఎప్పుడైనా చేసే పని ఎప్పుడూ జరగదు. మా ఇంట్లో ఇప్పుడు జీతం పడిన తర్వాతి ఆదివారం ఒక పని పెట్టుకున్నాం, పెద్దదేం కాదు, ఒక నెల రక్తదానం, ఒక నెల వీధిలో ఒంటరిగా ఉండే ముసలమ్మ పింఛను కాగితాల పని, ఒక నెల ఏమీ జరగలేదు. రక్తం ఇచ్చేవాళ్లు మగవాళ్లయితే మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలలు ఆగి మళ్లీ ఇవ్వాలి, కాబట్టి అది క్యాలెండర్ మీద రాసుకోవడమే మేలు.

కొన్ని మాటలు మాత్రం అనకండి. "భక్తులంతా దొంగలు" అనొద్దు, నానమ్మ వింటుంది. "నమ్మకపోతే కళ్లు పోతయ్" అనొద్దు, పిల్లకు నిద్ర పట్టదు. "అన్ని మతాలూ ఒకటే చెప్తయ్" అని తేల్చేయొద్దు, ఒకటే చెప్పవు, పిల్లలు పెద్దయ్యాక చదివి మనల్ని అబద్ధాలకోరులంటారు.

మొన్న ఎండాకాలం మా పాప, నానమ్మ కలిసి గేటు ముందు చలివేంద్రం పెట్టారు. బస్టాండు దగ్గర పెట్టేవాటికి ఫ్లెక్సీ పెద్దగా ఉండి కుండలు చిన్నగా ఉంటాయి కదా, మా దానికి ఫ్లెక్సీ లేదు, రెండు మట్టి రంజన్లు, ఒక స్టీలు గ్లాసు. పెట్టేవాళ్లకు ఒక జాగ్రత్త, మొదటి వారం ఉత్సాహం అందరికీ ఉంటుంది, మే నెల మధ్యాహ్నం రెండింటికి నీళ్లు ఎవరు నింపాలో ముందే పేరు రాసి పెట్టుకోండి. మా అమ్మ అలవాటు ప్రకారం రంజన్లకు పసుపు రాసి బొట్టు పెట్టింది. పాప చూసి, "బొట్టుంటే మటన్ కొట్టు చాచా తాగుతడా నానమ్మా?" అంది. మా అమ్మ కొంచెం ఆలోచించి, "తాగడా?" అని నన్ను చూసింది. నాకు తెలియదన్నాను.

చాచా పదకొండింటికి వచ్చాడు. రెండు గ్లాసులు తాగి, గ్లాసు బోర్లించి, "అమ్మా, నీళ్లు సల్లగున్నయ్ గానీ గ్లాసుకు గొలుసు కట్టుండ్రి, లేకుంటే సాయంత్రానికి ఎత్తుకపోతరు" అన్నాడు.

కట్టలేదు. సాయంత్రానికి ఎత్తుకపోయారు. కొత్త గ్లాసుకు గొలుసుంది, 40 రూపాయలు.